కోరంగి నుంచి కొండవాగు దాకా: తుఫానుల చరిత్ర మనకు చెప్పేది

తుఫాను మాట ఎత్తితే మన ఏజెన్సీ ఊళ్ళలో చాలామంది "అది సముద్రం పక్కన ఉండేవాళ్ళ బాధ కదా మాస్టారూ" అంటారు. తుఫాను పాఠానికి బొమ్మ వేయమంటే మన పిల్లలు కూడా కొబ్బరిచెట్లు, పడవలు, అలలే వేస్తారు. అందులో కొండ ఉండదు, వాగు ఉండదు, మన గూడెం ఉండదు. అందుకే ఈ పాఠం చెప్పేటప్పుడు నేను గోదావరిని కింది నుంచి పైకి చెబుతాను. నది సముద్రంలో కలిసే కోరంగి దగ్గర మొదలుపెట్టి, శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం దాకా పిల్లల్ని తీసుకువస్తాను.

ఈ దారిలో రెండు వందల ఏళ్ళకు పైబడిన తుఫానుల చరిత్ర ఉంది. ఎంతమంది చనిపోయారన్నది గాలి బలం ఒక్కటే తేల్చలేదు. కబురు ఎవరికి చేరింది, ఎంత ముందుగా చేరింది, అర్థమయ్యే మాటలో చేరిందా, చేరాక కదలడానికి వాళ్ళకు దారి ఉందా అన్నవి కూడా తేల్చాయి. మన యువకులూ ఉపాధ్యాయులూ ఈ చరిత్రను తమదిగా చదవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

కోరంగి రేవు

తాళ్ళరేవు దగ్గర కోరంగి అనే ఊరుంది. ఇప్పుడు అక్కడికి జనం మడ అడవులు చూడటానికి వెళుతున్నారు. ఒకప్పుడు అది పేరున్న ఓడరేవు. అక్కడ ఓడలు కట్టేవారు, పాడైన ఓడలు బాగుచేసేవారు. బర్మాకు కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడివాళ్ళు ఈ రేవు పేరుతోనే 'కోరంగీలు' అని పిలిచారు.

1789 డిసెంబరులో ఆ రేవు మీద పెద్ద తుఫాను పడింది. సముద్రం మూడు అలలుగా వరుసగా వచ్చిందని రాశారు. మొదటి అల ఓడలను ఒడ్డుకు విసిరింది. తర్వాతి రెండూ ఊరినీ చుట్టుపక్కల పల్లాన్నీ ముంచేశాయి. సుమారు 20,000 మంది చనిపోయారని చెబుతారు. మిగిలినవాళ్ళు ఊరిని మళ్ళీ కట్టుకున్నారు. యాభై ఏళ్ళ తర్వాత, 1839 నవంబరు 25న, మళ్ళీ ఉప్పెన వచ్చింది. నలభై అడుగుల ఎత్తున నీరు లేచిందనీ, మూడు లక్షల మంది పోయారనీ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆ అంకె మరీ పెద్దదని అనుమానించేవాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవుకు మాత్రం పాత వైభవం తిరిగి రాలేదు.

ఇక్కడ ఆగి పిల్లలను ఒక ప్రశ్న అడగాలి. చనిపోయినవాళ్ళ అంకె మీద ఇంత అనుమానం ఎందుకుంది? ఓడకు యజమాని ఉంటాడు, సరుకుకు చిట్టా ఉంటుంది. ఒడ్డున తాటాకు పాకలో ఉన్నవాడికి ఏ చిట్టా లేదు. చరిత్రలో పేదవాడు చాలాసార్లు గుండు సున్నలతో ముగిసే అంకెగానే మిగిలాడు. మన పూర్వీకుల గురించి చదివేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

'సైక్లోన్' అనే ఇంగ్లీషు మాటకు కూడా కోరంగితో సంబంధం ఉంది. ఒకప్పుడు ఓడ కెప్టెన్‌గా పనిచేసి కలకత్తాలో స్థిరపడిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతం తుఫానుల మీద ఓడల దినచర్య పుస్తకాలు పోగుచేసి చదివాడు. ఆయన పరిశీలించిన వాటిలో 1789 కోరంగి తుఫాను ఒకటి. ఈ గాలులు తిన్నగా వీయవు, చుట్టూ తిరుగుతాయని చూపి, పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టాడు. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో దాన్ని వాడాడు. అమెరికా వైపు 'హరికేన్' అన్నా, చైనా, జపాన్ వైపు 'టైఫూన్' అన్నా, మనం తుఫాను అన్నా అదే చుట్ట.

గాలి గుండం

మా బడిలో ఒకసారి "వాయుగుండం అంటే ఏమిటి?" అని అడిగాను. ఒక పిల్ల లేచి "గుండు మాస్టారూ, పేలుతుంది" అంది. అందరూ నవ్వారు. "మన వాగులో గుండం ఉంది కదా, అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయి?" అని అడిగాను. "సుడి తిరుగుతాయి" అన్నారు. అదే గాలిలో జరిగితే వాయుగుండం అన్నాను. ఆ తర్వాత మరో వివరణ అవసరం పడలేదు.

సముద్రం పై నీరు 26, 27 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు ఆవిరి బాగా పైకి లేస్తుంది. పైకి వెళ్ళి చల్లబడి మబ్బు అయ్యేటప్పుడు తనలోని వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి చుట్టూ ఉన్న గాలి వస్తుంది, భూమి తిరగడం వల్ల అది తిన్నగా రాలేక సుడి కడుతుంది. మన వైపు ఈ సుడి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను అంటారు. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను. 166 నుంచి ఇంకా భయంకరమైన దశ. 221 దాటితే సూపర్ సైక్లోన్. మనకు ఇవి ఎక్కువగా రెండు కాలాల్లో వస్తాయి: ఏప్రిల్ నుంచి జూన్ మొదలు దాకా ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి. రెండో కాలం వరి కోతల కాలం. కొండల నుంచి డెల్టాకు కూలికి దిగినవాళ్ళు చేలగట్ల మీద, కళ్ళాల దగ్గర ఉండే కాలం కూడా అదే.

తీరంలో ఎక్కువమందిని చంపేది ఉప్పెన. గాలి సముద్రపు నీటిని రోజంతా ఒడ్డు వైపు తోస్తుంది. లోతు తక్కువైన చోట ఆ నీరు కిందికి పోలేక పైకి లేచి నేల మీదికి వస్తుంది. డెల్టా పల్లం, అడ్డు ఏమీ ఉండదు. తుఫాను తూర్పు నుంచి వచ్చి తీరం దాటితే, దాటిన చోటుకు ఉత్తరాన ఉన్న ఊళ్ళ మీదికి గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది కాబట్టి ఉప్పెన అక్కడే ఎక్కువ.

ఇంకో మోసం తుఫాను కన్ను. సుడి నడిబొడ్డున గాలి ఉండదు. కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు ఒక్కసారిగా అంతా ఆగిపోతుంది, ఒక్కోసారి ఆకాశం కూడా కనిపిస్తుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది.

హెచ్చరిక ఎవరి కోసం పుట్టింది?

1864లో రెండు తుఫానులు నెల తిరగకుండా వచ్చాయి. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1న మచిలీపట్నం దెబ్బతిన్నాయి. మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మంది చనిపోయారు. ఆ దెబ్బ తర్వాత 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరిక పద్ధతి మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రేవుల్లో ఒకటి నుంచి పదకొండు దాకా ప్రమాద హెచ్చరికలు ఎగరవేసే పద్ధతి ఇప్పటికీ ఉంది. పదో నంబరు అంటే మహా ప్రమాదం. పదకొండు అంటే కబురు అందే దారే తెగిపోయిందని అర్థం.

మొదట్లో ఆ హెచ్చరికలు ఓడల కోసం. ఒడ్డున పాకలో ఉన్నవాళ్ళకు ఆ జెండా, ఆ దీపం ఏం చెబుతున్నాయో చదివి చెప్పేవారు లేరు. ఆ దూరం తగ్గడానికి వందేళ్ళకు పైగా పట్టింది.

1977 నవంబరు 19న తుఫాను నిజాంపట్నం వైపు తీరం దాటింది. దానికి కుడివైపున ఉన్న కృష్ణా జిల్లా దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10,000 మంది చనిపోయారు. రేడియోలో హెచ్చరిక చెప్పారు. రేడియో లేని ఇళ్ళు ఎన్నో, రేడియో విన్నా ఎక్కడికి పోవాలో తెలియనివాళ్ళు ఎందరో. ఆ తీరంలో యానాదులు ఉంటారు. కాలువ గట్టున, చెరువు పక్కన పాక వేసుకుని చేపలు, పీతలు పట్టుకుని బతికే మన తోటి గిరిజనులు. నేల ఎంత పల్లమైతే అంత తేలిగ్గా పేదవాడికి దొరుకుతుంది, నీరు వచ్చినప్పుడు ముందు మునిగేదీ ఆ నేలే. ఈ ఉప్పెన తర్వాతే మన తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టడం జోరందుకుంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణంగా గోదావరి డెల్టా మీద తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. సముద్రంలో ఉన్న మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి ఊళ్ళలో ఆ రాత్రిని ఇంకా తలుచుకుంటారు. కోనసీమలో కొబ్బరితోటలు నేలకూలాయి. చెట్టు పడితే ఒక కుటుంబానికి ఆరేడేళ్ళ తిండి పడిపోయినట్టే, మళ్ళీ నాటిన మొక్క కాపుకు రావడానికి అంతకాలం పడుతుంది.

మాట అర్థం కావాలి

1999 అక్టోబరు 29న ఒడిశా మీద సూపర్ సైక్లోన్ పడినప్పుడు దాదాపు 10,000 మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న గంటకు 200 కిలోమీటర్ల పైబడిన గాలితో పైలిన్ తుఫాను అదే రాష్ట్రంలో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఈసారి చనిపోయినవాళ్ళు యాభై లోపే. పధ్నాలుగేళ్ళలో షెల్టర్లు కట్టారు, ఊరూరా యువకులకు శిక్షణ ఇచ్చారు, ఉపగ్రహాల సాయంతో నాలుగు రోజుల ముందే దారి చెప్పగలిగారు. తీరం నుంచి దాదాపు పది లక్షల మందిని ముందే కదిలించారు.

అదే ఏడాది నవంబరు 8న ఫిలిప్పీన్స్ దేశంలో టాక్లోబాన్ నగరం మీద హయాన్ టైఫూన్ పడింది. అక్కడా హెచ్చరిక ముందే ఇచ్చారు. అందులో ఉప్పెనకు ఇంగ్లీషు మాట వాడారు. ఆ ఊరి జనం మాట్లాడేది వారై భాష. బతికినవాళ్ళలో చాలామంది తర్వాత, "ఆ మాటకు అర్థం మాకు తెలియలేదు, సునామీ అని ఉంటే పారిపోయేవాళ్ళం" అన్నారు. ఆ దేశంలో 6,000 మందికి పైగా చనిపోయారు. కబురు చెవిదాకా వచ్చింది, బుర్రలోకి దిగలేదు.

ఇప్పుడు మన వైపు చూడండి. 'తీవ్ర వాయుగుండం', 'రెడ్ అలర్ట్', 'వాయవ్య దిశగా పయనిస్తోంది' అని ఫోనుకు సందేశం వస్తుంది. కోయ మాట్లాడే ముసలమ్మకు అది ఎవరు చెప్పాలి? ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో పాకలు వేసుకున్న గుత్తికోయ గూడేనికి ఎవరు చెప్పాలి? సెల్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్ళు మనకు ఇంకా ఉన్నాయి. మొదటి పెద్ద గాలికే కరెంటు పోతుంది, కరెంటు పోతే టవరూ మూగబోతుంది. రేవులో పదకొండో నంబరు ఎగరేసేది ఎప్పుడో, మన గూడెంలో ఆ స్థితి అలా తుఫాను మొదటి గంటలోనే వచ్చేస్తుంది.

కొండకు వచ్చేసరికి

తీరం దాటిన తుఫానుకు ఆవిరి అందదు కాబట్టి గాలి బలం గంటల్లోనే తగ్గుతుంది. వాన తగ్గదు. మబ్బు కొండలకు తగిలి పైకి లేచినప్పుడు ఇంకా ఎక్కువ కురుస్తుంది. అందుకే టీవీలో 'తుఫాను బలహీనపడింది' అన్న వార్త వచ్చే వేళకు మనకు అసలు ప్రమాదం మొదలవుతుంది. మారేడుమిల్లి దగ్గర పాములేరు, రంపచోడవరం దగ్గర సీతపల్లి వాగు, చింతూరు దగ్గర సోకిలేరు వంటి వాగులకు లోతు తక్కువ, వాలు ఎక్కువ. ఇక్కడ ఎండ కాస్తున్నా పై కొండల్లో వాన పడితే చాలు, చూస్తూ ఉండగానే నీళ్ళు మీదికి వస్తాయి.

గోదావరి కథ వేరు. 1986 ఆగస్టులో బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తీరం దాటి లోపలి కొండలూ అడవుల మీద కుండపోతగా కురిసింది. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మన కొండల్లో పడిన చినుకు కిందివాళ్ళకూ చేరుతుంది. పశ్చిమ ఏజెన్సీ వాన ఎర్రకాలువగా దిగి యనమదుర్రు డ్రెయిన్‌లో కలిసి డెల్టా చేలను ముంచుతుంది. కొండ మీద అడవి ఉంటే నేల నీటిని పట్టి మెల్లగా వదులుతుంది. కోరంగి మడ అడవి కింద అల బలాన్ని ఎలా తగ్గిస్తుందో, పైన మన అడవి వాగు వేగాన్ని అలా తగ్గిస్తుంది.

కొండకు గాలి దెబ్బ కూడా తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అరకు, పాడేరు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వరుసలకు వరుసలు విరిగాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఆ వానకు ఒడిశా గజపతి జిల్లాలోని బరఘరా అనే కొండ ఊళ్ళో జనం గుహలాంటి చోట తలదాచుకున్నారు. కొండచరియ విరిగిపడి పన్నెండు మందికి పైగా చనిపోయారు. వాళ్ళు కదిలారు. కదలాల్సిన సురక్షితమైన చోటు మాత్రం వాళ్ళకు ఎవరూ ముందుగా చూపి ఉంచలేదు.

ఇంకో మార్పును కూడా గమనించాలి. పోలవరం ప్రాజెక్టు వల్ల ఎన్నో ఊళ్ళు కొండ, నది వదిలి పునరావాస కాలనీలకు వెళ్ళాయి. పాత ఊళ్ళో 'నీళ్ళు ఆ చింతచెట్టు మొదలు తాకితే పశువులు విప్పేయాలి' అని తాత చెప్పేవాడు. కొత్త కాలనీలో ఆ చింతచెట్టు లేదు. ఊరితోపాటు ఆ తెలివి కూడా మునిగింది. కొత్త చోట నీరు ఎటు నుంచి వస్తుందో, ఎటు పోతుందో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఏం సిద్ధం చేసుకోవాలి?

సెప్టెంబరు నెలాఖరులోగా గూడెం పెద్దలు, యువకులు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, బడి మాస్టారు ఒకరోజు కూర్చోవాలి. ఊళ్ళో గట్టి కప్పున్న ఇల్లు ఏది? దానికి వెళ్ళే దారిలో వాగు ఉందా? ఉంటే అది పనికిరాదు, ఇవతలి గట్టునే మరో చోటు చూడాలి. కొండ అంచు కింద, పగుళ్ళు కనిపించే వాలు కింద, పెద్ద బండల పక్కన తలదాచుకోకూడదు. ఇళ్ళ మీదికి వంగిన ఎండుకొమ్మలు ముందే కొట్టేయాలి. కాన్పు దగ్గరపడిన ఆడవాళ్ళను, రోజూ మందులు వేసుకునేవాళ్ళను హెచ్చరిక రాగానే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి. వాగు పొంగాక డోలీ కట్టినా లాభం ఉండదు.

ప్రతి ఇంట్లో వారానికి సరిపడా బియ్యం, జొన్నలు, ఉప్పు, అగ్గిపెట్టె, టార్చి ఉండాలి. విత్తనాలు గట్టిగా మూతకట్టి అటక మీద పెట్టాలి. పోడు పట్టా, ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒకేచోట ఉంచాలి. నష్టపరిహారం అడగాలన్నా, లెక్కలో మన పేరు ఉండాలన్నా ఇవి కావాలి. కోరంగి కాలం నుంచి నేటి దాకా, చిట్టాలో లేనివాడికి లెక్కలో చోటు దొరకలేదు.

గాలి మొదలయ్యాక బయట తిరగకూడదు. పశువులను కట్టి ఉంచకూడదు. గాలి ఒక్కసారిగా ఆగితే కనీసం గంట లోపలే ఉండాలి. మోకాలి లోతు నీరైనా జోరుగా పారుతుంటే మనిషిని పడేస్తుంది, కాబట్టి వాగు దాటే పనే పెట్టుకోకూడదు. మోటార్ సైకిల్ మీద అసలే వద్దు. వాన వెలిశాక తెగిన కరెంటు తీగ జోలికి పోకూడదు, నీళ్ళు కాచి తాగాలి, పాములు ఇళ్ళలో చేరతాయి కాబట్టి మూలల్లో చూసి అడుగు వేయాలి. పాము కరిస్తే మంత్రం కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి, ఫోన్ కలవకపోతే దగ్గరి ఆసుపత్రికి మోసుకుపోవాలి.

మాస్టార్లకు ప్రత్యేకంగా ఒక మాట. తుఫాను అని బడికి సెలవు ప్రకటించగానే హాస్టల్ పిల్లలు సంచి సర్దుకుంటారు. వాళ్ళ ఇంటికి వెళ్ళే దారిలో ఎన్ని వాగులున్నాయో మనకు తెలుసు. వాన మొదలయ్యాక పిల్లల్ని ఇంటికి పంపడం కంటే, తల్లిదండ్రులకు కబురు చేసి హాస్టల్లోనే ఉంచుకోవడం మేలు. పంపాల్సివస్తే వాన రాకముందే, పెద్దవాళ్ళ చేతికి అప్పగించి పంపాలి.

బడిలో మొదలయ్యే పని

హెచ్చరికను మన భాషలోకి తెచ్చే పని బడిలోనే మొదలుకావాలి. పిల్లలను ముసలివాళ్ళ దగ్గరకు పంపండి. గాలికి, వానకు, వరదకు కోయలో, మీ మీ భాషల్లో ఎన్ని మాటలున్నాయో రాసుకు రమ్మనండి. 1986లో నీరు ఎక్కడిదాకా వచ్చింది, 2022లో ఎక్కడిదాకా వచ్చింది అని అడిగి, ఆ గుర్తులు బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద రంగుతో గీయించండి. కొత్త కాలనీలో ఉన్నవాళ్ళు మొదటి పెద్ద వాన నుంచే ఆ గుర్తులు పెట్టడం మొదలుపెట్టాలి. ఊరి పటం గీసి, వాగు దాటకుండా చేరగల చోట్లకు గుర్తు పెట్టండి. సెల్ పనిచేయనప్పుడు డప్పు ఎలా మోగితే 'సర్దుకోండి', ఎలా మోగితే 'కదలండి' అని ఊరంతా కలిసి నిర్ణయించి, ఏడాదికి ఒకసారి మోగించి చూడండి.

యువకులు ఒక్కో గూడేనికి ఇద్దరు చొప్పున బాధ్యత తీసుకుంటే చాలు. ఒకరు గుట్ట ఎక్కి కబురు తెస్తారు, ఒకరు మన మాటలో ఇంటింటికీ చెబుతారు. అడవి లోపల విడిగా ఉన్న నాలుగు పాకలను కూడా ఆ జాబితాలో రాసుకోండి. కోరంగిలో చనిపోయినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. మన గూడెంలో బతికి ఉన్నవాళ్ళ పేర్లు మనకు తెలుసు. తుఫాను వచ్చే ముందు ఆ పేర్లు ఒక కాగితం మీద ఉండాలి, వచ్చి వెళ్ళాక ఒక్కొక్కటీ పిలిచి చూసుకోవాలి.